రక్షణ రంగంలో తొలి ఆర్డరు: చిన్న కంపెనీకి ఏ దారి సరిపడుతుంది?

బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, చర్లపల్లిలోనో వర్క్‌షాపు నడిపేవాళ్లు నలుగురు కలిస్తే మాట ఎటు తిరిగినా చివరికి ఈ ప్రశ్నల దగ్గరికే వస్తుంది. క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ (బీడీఎల్) పని మనకు దొరుకుతుందా? ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా కొంటారా? రక్షణ రంగపు కొత్త ఆలోచనలకు గ్రాంటిచ్చే ఐడెక్స్ అంటున్నారు, అది స్టార్టప్ కుర్రాళ్లకేనా, మనకూనా?

ప్రశ్నలు న్యాయమైనవే. దేశంలో క్షిపణి పని ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊరు హైదరాబాద్ తప్ప మరోటి లేదు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్‌ఎల్, డీఎంఆర్‌ఎల్ లాంటి ప్రయోగశాలలు, 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్, 1973లో పెట్టిన ప్రత్యేక లోహాల సంస్థ మిధాని అన్నీ కంచన్‌బాగ్, దాని చుట్టుపక్కలే. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం, ఎద్దుమైలారంలో యుద్ధవాహనాల ఫ్యాక్టరీ, విశాఖలో నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్ ఉన్నాయి. వీటికి తోడు సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్, రెండు రాష్ట్రాల పోలీసు శాఖలు. కొనేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల దగ్గరికి వెళ్లే తలుపులే వేరువేరు, ఒక్కో తలుపు దగ్గర అడిగేదీ వేరు.

ఎక్కువమంది దారిని ఆర్డరు సైజు చూసి ఎంచుకుంటారు. నేనైతే ముందు వేరే లెక్క చూడమంటాను: మీ డబ్బు ఎన్ని నెలలు ఇరుక్కుపోయినా మీ షాపులో జీతాలు ఆగకుండా నడుస్తాయి? దానికి సమాధానం దొరికితే సగం దార్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

## ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

మొదటిది, పైన చెప్పిన ఓపిక లెక్క. రెండోది, మీరు అమ్మేది ఏమిటి? తయారైన వస్తువా (బూట్లు, టెంట్లు, సోలార్ లైట్లు, కెమెరాలు), చేతిపనా (వాళ్ల డ్రాయింగ్ ప్రకారం మిల్లింగ్, టర్నింగ్, వెల్డింగ్, వైరింగ్), లేక ఇంకా బజారులో లేని కొత్త ఆలోచనా? ఈ మూడింటికీ దార్లు కలవవు.

మూడోది, డిజైన్ ఎవరి చేతిలో ఉంటుంది? డ్రాయింగ్ వాళ్లదైతే మీకు భయం తక్కువ, బేరం చేసే బలమూ తక్కువే. డిజైన్ మీదైతే రెండూ తలకిందులు.

నాలుగోది, తొలి ఆర్డరు తర్వాత రెండో ఆర్డరు వచ్చే అవకాశం ఎంత? దీన్ని ఎవరూ సరిగ్గా అడగరు. రక్షణ రంగంలో లాభం రెండో ఆర్డరులోనే ఉంటుంది. తొలి ఆర్డరులో జిగ్‌లు, ఫిక్స్చర్లు, కొలతల గేజీలు, రిజెక్షన్లు మీ మార్జిన్‌ను తినేస్తాయి.

## ఏ దారైనా తప్పని కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉండాలి, దానికి రూపాయి ఖర్చు లేదు. 2025 ఏప్రిల్ నుంచి పరిమితులు పెరిగాయి: యంత్రాలపై పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటని యూనిట్ చిన్న పరిశ్రమే. జీఎస్టీ, పాన్, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, క్లాస్-3 డిజిటల్ సంతకం, ఐఎస్‌ఓ 9001 దగ్గర పెట్టుకోండి. విమాన, క్షిపణి విడిభాగాల పనైతే ఏఎస్ 9100 (విమాన రంగపు నాణ్యతా ప్రమాణం) ఎప్పటికైనా అడుగుతారు, కానీ తొలిరోజే దానికోసం అప్పు చేయొద్దు.

లైసెన్సు భయం చాలామందికి అక్కర్లేనిది. ఆయుధాలు, మందుగుండు, యుద్ధవాహనాల లాంటివి తయారుచేస్తే పారిశ్రామిక లైసెన్సు కావాలి. విడిభాగాలు, పోతలు, ఫోర్జింగులు చాలావరకు 2014లోనే ఆ జాబితా నుంచి బయటికి వచ్చేశాయి. మీరు చేసేది ఏ వైపు పడుతుందో జాబితాలో చూసుకోండి, ఎవరో చెప్పారని కాదు.

2012 నాటి ప్రభుత్వ కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు ఏడాది కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల నుంచి కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానులకు, 3 శాతం మహిళా యజమానులకు. టెండరు ఫారం ఉచితం, ఈఎండీ (టెండరుతో కట్టే ధరావతు) మినహాయింపు. పెద్ద కంపెనీ ఎల్‌1గా (అతి తక్కువ రేటుతో) వచ్చినా, మీ రేటు దానికంటే 15 శాతం లోపు ఎక్కువుంటే, ఎల్‌1 రేటుకు దిగి కొంత భాగం తీసుకునే హక్కు మీకుంటుంది. రెండు మెలికలున్నాయి. ఈ లాభాలు తయారీదారులకు, సేవలందించేవాళ్లకే, కొని అమ్మే ట్రేడర్లకు కాదు. క్షిపణులు, ఆయుధ వ్యవస్థల లాంటి రక్షణ సామగ్రి ఈ రిజర్వేషన్ పరిధిలోకి రాదు. బూట్లకు పనికొచ్చే నిబంధన క్షిపణికి పనికిరాదన్నమాట.

## ఒక చూపులో

ఓపిక అంచనాలు నావి. మీ వస్తువును బట్టి అటూ ఇటూ అవుతాయి.

| దారి | ఎవరికి సరిపడుతుంది | తొలి డబ్బు వరకు ఓపిక | డిజైన్ ఎవరిది | రెండో ఆర్డరు |
|---|---|---|---|---|
| జెమ్ పోర్టల్ | తయారైన వస్తువు, సేవ | తక్కువ | మీది లేదా బజారుది | ప్రతిసారీ కొత్త పోటీ |
| ప్రయోగశాల, ప్రభుత్వ రక్షణ కంపెనీ టెండర్లు | చేతిపని, విడిభాగాలు | ఎక్కువ | వాళ్లది | పని నిలబెడితే బాగానే |
| పెద్ద ప్రైవేటు కంపెనీ కింద సబ్‌కాంట్రాక్టు | చేతిపని, కొత్తగా వచ్చేవాళ్లు | మధ్యస్థం | వాళ్లది | వాళ్ల ఆర్డరును బట్టి |
| ఐడెక్స్, టీడీఎఫ్ (డీఆర్‌డీఓ గ్రాంటు) | కొత్త ఉత్పత్తి | చాలా ఎక్కువ | ముఖ్యంగా మీది | గెలిస్తే పెద్దది, లేకపోతే సున్నా |
| స్వదేశీకరణ, మేక్-2 (సొంత ఖర్చుతో అభివృద్ధి) | దిగుమతి విడిభాగానికి బదులు చేసేవాళ్లు | ఎక్కువ | మీది | పరిమాణం చిన్నది, నిలకడ ఎక్కువ |

## జెమ్: సులువైన తలుపు, ఇరుకైన గది

2016లో వచ్చిన ఈ పోర్టల్‌లో దొరికే వస్తువును కేంద్ర శాఖలు దానిద్వారానే కొనాలి. సీఆర్‌పీఎఫ్ బెటాలియన్‌కు నీళ్ల ట్యాంకులు, కంటోన్మెంటుకు జనరేటరు, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌కు కుర్చీలు, శిక్షణ కేంద్రానికి ట్రాక్‌సూట్లు అన్నీ ఇక్కడే. రిజిస్ట్రేషన్ ఉచితం.

చిన్న కంపెనీకి దీనిలో ఉన్న పెద్ద సుగుణం తెలిసిన కాలంలో డబ్బు రావడం. సరుకు తీసుకున్న యూనిట్ అంగీకార పత్రం ఇచ్చాక పది రోజుల్లో చెల్లించాలనేది నియమం. ఆ పత్రాన్ని జెమ్ భాషలో సీఆర్‌ఏసీ అంటారు. చిక్కు అక్కడే ఉంది. సరుకు గేటు దాటింది మంగళవారం, దాన్ని లెక్కచూసే క్వార్టర్‌మాస్టర్ సెలవు మీద వెళ్లింది బుధవారం అనుకోండి, మీ గడియారం ఇంకా మొదలుకాలేదు. సరుకు పంపిన రోజే ఆ యూనిట్‌కు ఫోన్ చేసి, ఎవరు సంతకం పెడతారో కనుక్కుని, ఆ మనిషితో మర్యాదగా టచ్‌లో ఉండటం కూడా మీ పనే.

రెండో చిక్కు ధర. మీ వస్తువులో ప్రత్యేకత లేకపోతే ఢిల్లీ ట్రేడరు, లూథియానా ఫ్యాక్టరీ, సూరత్ యూనిట్ మీతో ఒకే వరుసలో నిలబడతాయి. రివర్స్ ఆక్షన్ (రేటు తగ్గించుకుంటూ పోయే వేలం) పెడితే చివరి గంటలో రేటు ఎంత కిందికి పోతుందో చూస్తే కళ్లు తిరుగుతాయి. జెమ్‌లో దిగేముందు మీ కనీస రేటు కాగితం మీద రాసి పెట్టుకోండి. వేలం వేడిలో ఆ కాగితం వైపే చూడండి, స్క్రీన్ వైపు కాదు.

మీ వస్తువుకు అర్హత ప్రమాణం ఉంటే మాత్రం కథ వేరు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు ఐఎస్ 17051 ఉంది. పోలీసు, కేంద్ర బలగాల పరికరాలకు కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ బీపీఆర్‌అండ్‌డీ గుణాత్మక అవసరాల పత్రాలు ఇస్తుంది. సీసీటీవీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్ష తప్పనిసరి. ఈ పరీక్ష ఖర్చు భరించి ముందే పాసైనవాళ్లకు పోటీ అమాంతం తగ్గుతుంది. జెమ్‌లో నాకు నచ్చే వ్యూహం ఇదొక్కటే: ఎవరూ దాటడానికి ఇష్టపడని గడప ఏదో చూసి, దాన్ని ముందు దాటడం.

ఇంకో హెచ్చరిక. సరిహద్దు పంచుకునే దేశాల నుంచి వచ్చే బిడ్డర్లపై 2020 నుంచి ఆంక్షలున్నాయి. భద్రతా బలగాల దగ్గర ఆ అనుమానం విడిభాగాల దాకా వెళ్తుంది. 2025 ఆరంభంలో చైనా భాగాలున్నాయన్న కారణంతో సైన్యం 400 లాజిస్టిక్స్ డ్రోన్ల ఒప్పందాలను రద్దు చేసింది. పెట్టె మీద మీ స్టిక్కరు అంటించి లోపల ఎవరి బోర్డు ఉన్నా ఫర్వాలేదనుకునే కాలం పోయింది. ప్రతి భాగం ఎక్కడిదో బిల్లుతో సహా చూపించగలగాలి.

## ప్రయోగశాలలు, ప్రభుత్వ రక్షణ కంపెనీలు

మెషీన్ షాపు ఉన్నవాళ్లందరి కన్ను దీని మీదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

పద్ధతి ఇది. సంస్థ వెబ్‌సైటులో వెండర్‌గా నమోదుకు దరఖాస్తు చేస్తారు. మీ యంత్రాల జాబితా, కొలత పరికరాల క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, గతంలో చేసిన పనుల పీవోలు (కొనుగోలు ఆర్డర్లు) అడుగుతారు. తర్వాత ఒక బృందం మీ షాపుకు వస్తుంది. వాళ్లు కొత్త యంత్రం చూసి మురిసిపోరు. కొలతల గదిలో ఏసీ పనిచేస్తోందా, గేజీల మీద గడువు దాటని స్టిక్కరు ఉందా, రిజెక్ట్ అయిన భాగాలకు వేరే తాళం వేసిన పెట్టె ఉందా, డ్రాయింగ్ పాత రివిజన్ ఇంకా యంత్రం పక్కన వేలాడుతోందా అని చూస్తారు. నమోదయ్యాక పరిమిత టెండర్లకు పిలుపు వస్తుంది. బహిరంగ టెండర్లు రక్షణ శాఖ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనూ కేంద్ర పోర్టల్‌లోనూ పడతాయి.

ఇక ముడిసరుకు. క్షిపణి మోటారు కేసింగ్‌లాంటి వాటికి వాడే మారేజింగ్ ఉక్కు (చాలా గట్టి ప్రత్యేక రకం) మీరు బజారులో కొనుక్కొచ్చేది కాదు. చాలా సందర్భాల్లో ఆర్డరిచ్చినవాళ్లే మిధాని నుంచి తెప్పించి మీకు ఉచితంగా అప్పగిస్తారు. ఉచితం అన్న మాట చూసి సంతోషించకండి. ఆ ఉక్కు విలువకు మీరు బ్యాంకు గ్యారంటీయో, బాండో, బీమానో ఇవ్వాలి. హీట్ నంబరు (ఉక్కు ఏ పోతలోదో చెప్పే గుర్తు) చెరిగిపోకుండా ప్రతి ముక్క మీదా మోసుకురావాలి. చివరికి తరుగు, చిప్స్, మిగిలిన ముక్కలకు కూడా లెక్క అప్పగించాలి. ఒక్క ఫోర్జింగ్ మీ చేతిలో చెడితే, దాని ధర మీ మెషినింగ్ కూలి కంటే ఎక్కువుండవచ్చు. కాబట్టి కోట్ చేసేటప్పుడు గంటకు యంత్రం రేటు లెక్కగడితే సరిపోదు, రిజెక్షన్ శాతాన్ని ఉక్కు ధరలో లెక్కగట్టాలి.

డబ్బు లెక్క ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఆర్డరు 24 లక్షలు, నాలుగు నెలల పని, ముడిసరుకు వాళ్లది. ఈ పనికి పడే జీతాలు, కరెంటు, టూల్స్, యంత్రం ఈఎంఐ వాటా నెలకు నాలుగున్నర లక్షలు. అంటే నాలుగు నెలలకు 18 లక్షలు బయటికి వెళ్లాయి. ఐదో నెల తనిఖీకి పోయింది. మొదట తొలి భాగం తనిఖీ, తర్వాత నాణ్యతా ప్రణాళిక ప్రకారం ఎంఎస్‌క్యూఏఏ లాంటి క్షిపణి నాణ్యతా తనిఖీ సంస్థ ప్రతినిధి రావడం, రెండు భాగాల్లో బర్ (అంచున మిగిలిన గరుకు) తీయమని వెనక్కి పంపడం. నెలాఖరుకు ఇన్‌వాయిస్ వేశారు. దాని మీద 18 శాతం జీఎస్టీ 4.32 లక్షలు. అది వచ్చే నెల 20వ తేదీకల్లా మీరు కట్టాలి, వాళ్లు మీకు కట్టినా కట్టకపోయినా. ముడిసరుకు మీరు కొనలేదు, జీతాల మీద జీఎస్టీ ఉండదు కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీ తగ్గింపు) కొంచెమే. చట్టం చెప్పిన 45 రోజులకు వాళ్లు సరిగ్గా చెల్లించినా ఏడో నెల మధ్యలో డబ్బు చేతికొస్తుంది. అందులోంచి జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, ఆదాయపు పన్ను టీడీఎస్ కోసుకుంటారు. అవి తర్వాత సర్దుబాటవుతాయి గానీ అప్పటిదాకా మీవి కావు.

మొత్తమ్మీద ఆరు లక్షల మిగులు కోసం దాదాపు 22 లక్షలు బయట పెట్టి కూర్చోవాలి. అదీ అంతా సక్రమంగా జరిగితే. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ లెక్క ముందే తెలిసినవాళ్లు బ్యాంకు దగ్గర వర్కింగ్ క్యాపిటల్ పరిమితిని పీవో రాకముందే సిద్ధం చేసుకుంటారు. తెలియనివాళ్లు ఐదో నెలలో వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతారు. అక్కడితో ఆ ఆరు లక్షలు కూడా పోతాయి.

మీకు చట్టం ఇచ్చే అండ ఎక్కడుందంటే, సూక్ష్మ, చిన్న యూనిట్లకు 45 రోజులు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడిగే హక్కు 2006 చట్టంలో ఉంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. నిజం చెప్పాలంటే తిరిగి పని కావాలనుకునే వెండరు ఆ ఫిర్యాదు అంత తేలిగ్గా పెట్టడు. అందరికీ ఉపయోగపడే ఉపాయం ట్రెడ్స్ వేదిక. కొన్న సంస్థ ఇన్‌వాయిస్‌ను ఒప్పుకుందంటే చాలు, బ్యాంకులు వేలంలో దాన్ని కొని మీకు ముందే డబ్బిస్తాయి. వసూలు తలనొప్పి బ్యాంకుది. నమోదుకు ముందే అడగండి, ఆ సంస్థ ట్రెడ్స్‌లో బిల్లులు అంగీకరిస్తోందా అని. నా దృష్టిలో ఇది రేటు కంటే ముఖ్యమైన ప్రశ్న.

మరి ఇంత బాధ పడి ఎందుకు వెళ్లడం? ఒకసారి మీ చేతి పని మీద నమ్మకం కుదిరితే, ఆ డ్రాయింగ్ మీ ఫిక్స్చర్ మీద నిలబడితే, మళ్లీ మళ్లీ పిలుస్తారు. 1970లో మొదలై బాలానగర్‌లో పెరిగిన ఎంటార్, 1991లో హైదరాబాద్‌లోనే పుట్టిన ఆస్ట్రా మైక్రోవేవ్ లాంటి కంపెనీలు ఇవాళ స్టాక్ మార్కెట్‌లో ఉన్నాయి. ఒకప్పుడు అవీ చిన్నవే. అయితే ఆ ప్రయాణం దశాబ్దాలదని కూడా గుర్తుంచుకోవాలి.

## పెద్ద కంపెనీ కింద సబ్‌కాంట్రాక్టు

చిన్నతనంగా భావించి చాలామంది పక్కనపెట్టే దారి ఇది. నేను మాత్రం ఏ రక్షణ అనుభవమూ లేని షాపుకు మొదట ఇదే చెబుతాను.

ఆదిభట్లలోనూ, నగరం చుట్టూ ఉన్న పెద్ద ప్రైవేటు రక్షణ కంపెనీలకు విడిభాగాల పని ఎప్పుడూ మిగులుతుంది. వాళ్ల కొనుగోలు విభాగం ఒక్కరోజులో రేటు చర్చించి వారంలో పీవో ఇస్తుంది. టెండరు లేదు, ఈఎండీ లేదు. అంతకంటే విలువైనది ఇంకోటి: వాళ్ల నాణ్యతా ఇంజినీరు మీ షాపులో కూర్చుని ప్రాసెస్ షీట్ ఎలా రాయాలో, రిపోర్టు ఎలా నింపాలో నేర్పుతాడు. ఆ చదువుకు ఫీజు లేదు. ఏడాది తర్వాత ప్రభుత్వ సంస్థ బృందం మీ షాపుకు వచ్చినప్పుడు ఆ ఫైళ్లే మాట్లాడతాయి.

నష్టం ఎక్కడ? మార్జిన్ పలచగా ఉంటుంది. పెద్ద కంపెనీకి ఆర్డరు ఆగితే మీకు చెప్పకుండానే ఆగుతుంది. 'మాకు పైనుంచి వచ్చాక మీకిస్తాం' అనే షరతు పీవోలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులకు మించకూడదని చట్టం. పైగా గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఈ రెండో నిబంధన వచ్చాక మార్చి నెలలో పాత బిల్లులు కదలడం మొదలైంది. మార్చి మొదటివారంలో మీ ఉద్యమ్ సర్టిఫికెట్ కాపీతో బాకీల జాబితా వాళ్ల అకౌంట్స్ విభాగానికి పంపడం మరచిపోకండి.

డ్రాయింగులు జాగ్రత్త. రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టి, డ్రాయింగ్ ఫోటో తీసి ప్లేటింగ్ షాపతనికి వాట్సాప్‌లో పంపే అలవాటు మన దగ్గర బాగా ఉంది. రక్షణ పనిలో అది వెండర్‌షిప్ పోగొట్టే తప్పు. అంతకుమించిన చిక్కులూ తేగలదు.

## ఐడెక్స్, టీడీఎఫ్: ఆలోచన అమ్మేవాళ్లకు

ఐడెక్స్ 2018 ఏప్రిల్‌లో మొదలైంది. హెచ్‌ఏఎల్, బీఈఎల్ కలిసి పెట్టిన డిఫెన్స్ ఇన్నోవేషన్ ఆర్గనైజేషన్ దీన్ని నడుపుతుంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం తమకు కావాల్సిన సమస్యల జాబితా విడుదల చేస్తాయి. మీరు పరిష్కారం ప్రతిపాదిస్తారు. ఎంపికైతే సాధారణ స్థాయిలో కోటిన్నర దాకా, ప్రైమ్‌లో 10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి పథకంలో 25 కోట్ల దాకా గ్రాంటు. స్టార్టప్‌లతోపాటు చిన్న పరిశ్రమలు, వ్యక్తులు కూడా అర్హులే. హైదరాబాద్‌లో టీ-హబ్ భాగస్వామి ఇంక్యుబేటరు.

అంకెలు చూసి ఊగిపోయేముందు ఒక్క పదం చూడండి: మ్యాచింగ్. ప్రభుత్వం రూపాయి పెడితే మీరూ రూపాయి పెట్టాలి. కోటిన్నర గ్రాంటంటే మూడు కోట్ల ప్రాజెక్టు, సగం మీది. డబ్బు కూడా ఒక్కసారి రాదు, మైలురాళ్లు దాటిన కొద్దీ విడతలుగా వస్తుంది. ప్రోటోటైపు పూర్తయ్యాక లద్దాఖ్ చలిలోనో, రాజస్థాన్ ఎండలోనో ట్రయల్స్. ట్రయల్ నెగ్గాక కొనుగోలు ప్రక్రియ వేరే. ఈలోగా మీ ఇంజినీర్ల జీతాలు నెలనెలా నడుస్తూనే ఉంటాయి. వేరే ఆదాయం లేని ఇద్దరు స్నేహితులు ఉద్యోగాలు మానేసి ఐడెక్స్ ఒక్కదాన్నే నమ్ముకుంటే నాకు భయమేస్తుంది. పౌర మార్కెట్‌లో అదే వస్తువును మరో రూపంలో అమ్ముకునేవాళ్లకు మాత్రం ఇది చక్కటి దారి. వ్యవసాయ డ్రోన్ అమ్ముతూ నిఘా డ్రోన్ అభివృద్ధి చేసే కంపెనీ ఎండాకాలాన్నీ దాటుతుంది, ట్రయల్ ఆలస్యాన్నీ దాటుతుంది.

డీఆర్‌డీఓ నడిపే టీడీఎఫ్‌లో గ్రాంటు ప్రాజెక్టుకు 50 కోట్ల దాకా, ఖర్చులో 90 శాతం దాకా. చేతి నుంచి పెట్టేది తక్కువ కాబట్టి ఇది మేలనిపిస్తుంది. అయితే ఏం కావాలో డీఆర్‌డీఓ లోతుగా నిర్దేశిస్తుంది, మేధో హక్కుల్లో దానికీ వాటా ఉంటుంది. మీ దగ్గర గట్టి సాంకేతిక బృందమో, తోడుగా ఏదైనా విద్యాసంస్థో లేకపోతే ప్రతిపాదన దశ దాటదు. కంపెనీ భవిష్యత్తంతా ఆ డిజైన్ మీదే ఉంటే ఐడెక్స్ చూడండి. పరిశోధన ఖర్చే అసలు అడ్డంకి అయితే టీడీఎఫ్.

## స్వదేశీకరణ: ఎవరూ పెద్దగా మాట్లాడని పని

2020 ఆగస్టులో వచ్చిన సృజన్ పోర్టల్‌లో ప్రభుత్వ రక్షణ కంపెనీలు, బలగాలు తాము దిగుమతి చేసుకునే వస్తువుల జాబితా పెడతాయి. రబ్బరు సీలు, గేరు, కనెక్టరు, ఫిల్టరు, వాల్వు లాంటివి అందులో బోలెడు. వస్తువు ఎంత చిన్నదైతే పెద్ద కంపెనీలకు అంత విసుగు, మీకు అంత అవకాశం. అభివృద్ధి ఖర్చు మీదే. మేక్-2 పద్ధతిలోనూ అంతే: ప్రభుత్వం నిధులివ్వదు, కానీ ట్రయల్ పాసైతే కొంటుంది. 2025 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న కొత్త రక్షణ కొనుగోలు మాన్యువల్‌లో స్వదేశీకరణ చేసేవాళ్లకు ఊరట ఉంది. అభివృద్ధి దశలో ఆలస్య జరిమానా లేదు, ఐదేళ్ల దాకా పరిమాణానికి హామీ ఇచ్చే వీలుంది. విశాఖ ఆటోనగర్‌లో రబ్బరు, వాల్వుల పని తెలిసిన యూనిట్లు నౌకాదళ విడిభాగాల జాబితాను నెలకోసారైనా తిరగేయాలి.

## మీ పరిస్థితిని బట్టి

మీది ఐదారు యంత్రాల జాబ్ వర్క్ షాపు, ఇప్పటిదాకా ఫార్మా, ఆటో పని చేశారనుకోండి: ఏడాదిపాటు సబ్‌కాంట్రాక్టు, ఆ ఫైళ్లు పట్టుకుని ప్రభుత్వ సంస్థలో వెండర్ నమోదు. వరుస మార్చొద్దు.

తయారైన వస్తువున్న ఫ్యాక్టరీ అయితే జెమ్, దానితోపాటు మీ వస్తువుకు వర్తించే పరీక్షా ప్రమాణం. ఆ సర్టిఫికెట్ ఖర్చును ప్రకటనల బడ్జెట్‌లోంచి తీయండి, అంతకంటే మంచి ప్రకటన దొరకదు.

సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రానిక్స్ స్టార్టప్‌కు ఐడెక్స్, కానీ పద్దెనిమిది నెలల జీతాలకు డబ్బు బ్యాంకులో కనబడితేనే. అమెరికా నుంచి వచ్చి పెట్టుబడి పెడతామనే బంధువులుంటే వాటాదారుల వివరాలు, విదేశీ వాటా లెక్క ముందే వకీలుతో సరిచూసుకోండి. ఎంపిక అయ్యాక అది బయటపడితే మొత్తం ఆగిపోతుంది.

సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీ నడిపేవాళ్లకు ఇవేవీ కాదు. 2005 చట్టం కింద లైసెన్సు, పీఎఫ్, ఈఎస్‌ఐ బకాయిలు లేకుండా ఉంటే జెమ్‌లో మానవ వనరుల బిడ్లే మీ మార్కెట్. మార్జిన్ అంతా సర్వీసు చార్జీలో ఉంటుంది, అదీ చాలా సన్నం.

ఇక ఏజెంట్లు. 'లోపల మనవాళ్లున్నారు, రెండు శాతం ఇస్తే పని అయిపోతుంది' అనేవాడు ఏ దారిలోనైనా ఎదురవుతాడు. రక్షణ కొనుగోళ్లలో కమిషన్ మీద నిషేధం ఉంది. పెద్ద ఒప్పందాల్లో లంచాలివ్వబోమనే సమగ్రత ఒప్పందం మీద మీ సంతకం కూడా ఉంటుంది. దొరికితే పోయేది ఆ ఆర్డరు మాత్రమే కాదు, బ్లాక్‌లిస్టులో పడిన పేరుతో ఇంకే శాఖ టెండరూ వేయలేరు. టెండరు పత్రాలు నింపడానికి, ఐఎస్‌ఓ ఫైళ్లు కట్టడానికి ఫీజు తీసుకునే కన్సల్టెంటు వేరు. అతనికి రసీదు మీద డబ్బివ్వండి, శాతం మీద కాదు.

చివరగా, ఈ రంగానికి అసలు రాకూడనివాళ్లూ ఉన్నారు. ఒకే ఒక్క కస్టమరు మీద బతుకుతూ, నెల నెలా ఆ చెక్కు వస్తేనే జీతాలిచ్చే స్థితిలో ఉంటే ఈ ఏడాది రక్షణ టెండరు వేయొద్దు. ముందు రెండో పౌర కస్టమరును పట్టండి, మూడు నెలల ఖర్చు పక్కన పెట్టండి. ఈలోపు ఉద్యమ్ చేయించుకోండి, గేజీలు క్యాలిబ్రేట్ చేయించండి, సృజన్ జాబితా చూస్తూ ఉండండి.